ఖాళీ సీటును పోనివ్వని కనక

అరకు సంతకు వచ్చేవాళ్లలో వంతల కనకను ఎరగనివాళ్లు ఎవరైనా ఉన్నారంటే, వాళ్లు సంతకు నడిచి వచ్చినవాళ్లయినా అయి ఉండాలి, సొంత కారులో వచ్చిన టూరిస్టులైనా అయి ఉండాలి. జీపెక్కి వచ్చినవాళ్లకు మాత్రం ఆమె తెలియకపోవడం అనేది ఉండదు. వాళ్లను జీపులో కూర్చోబెట్టిందే ఆమె.

కనకది పాడేరు దారిలో పనసపుట్టు. ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతి దాకా చదివింది. చదువు అక్కడితో ఆగింది కాని నోరు ఆగలేదు. పెళ్లయిన కొత్తలో ఒక సంతరోజు పసుపు కొమ్ములు అమ్ముకుని ఇంటికి పోదామని గంగరాజు జీపెక్కి కూర్చుంది. గంగరాజు బండి నడపడంలో మొనగాడు. ఘాట్ రోడ్డు మలుపులన్నీ కళ్లు మూసుకుని తిప్పగలడు. కాని నలుగురిని పిలిచి ఎక్కించుకోవడం మాత్రం అతని వల్ల కాదు. స్టీరింగు ముందు బొమ్మలా కూర్చునేవాడు. జీపు నిండితేగాని కదలదు. అతను పిలవడు కాబట్టి అది నిండదు. పొద్దు వాలిపోతోంది. ఇంట్లో పొయ్యి వెలగాలి. కనకకు ఒళ్లు మండింది. జీపు దిగి, చీర చెంగు నడుముకు చుట్టి, రోడ్డు మధ్యకు పోయి గొంతెత్తింది.

"పాడేరు, పాడేరు, పాడేరు! ఏటలా సూత్తన్నారు? సీటు మీకోసం ఏడుస్తన్నాది, బేగి రండి!"

చుట్ట అంటించుకున్నంత సేపట్లో జీపు నిండిపోయింది. గంగరాజు వెనక్కి తిరిగి చూసి, "అమ్మా, వచ్చే సంతకి కూడా వస్తావా?" అని అడిగాడు. ఆ సంత మొదలుకొని ఆమె పిలుపు లేనిదే ఆ జీపు కదిలింది లేదు.

ఉన్న మాట చెప్పుకోవాలంటే, అరకు జంక్షన్‌లో జీపు పిలిచిన మొదటి ఆడమనిషి కనకే. పిలవడం ఒక్కటే కాదు, కూర్చోబెట్టడం ఆమెకు తెలిసిన విద్య. కడుపుతో ఉన్నవాళ్లు ముందు సీట్లో. కోళ్ల బుట్టలు టాపు మీద. తాగొచ్చినవాడు తాగని ఇద్దరి మధ్యన. ఒకసారి పొలం తగాదాతో కోర్టుకు పోతున్న అన్నదమ్ముల్ని, ఎవరి సాక్షులు వాళ్ల వెంట ఉండగా, ఒక్క జీపులోనే మోకాలికి మోకాలు తగిలేలా ఎదురెదురుగా కూర్చోబెట్టింది. దారిలో ఒకడి ఒడిలోకి ఇంకొకడి బిడ్డ జారింది. ఆ బిడ్డ అక్కడే నిద్రపోయింది. దిగాక రెండు పక్షాలూ ఒకే బడ్డీలో టీ తాగాయి. కోర్టులో ఏమైందో కనక అడగలేదు. "జీపులో మాత్రం నానే గెలిచినాను" అని ఈనాటికీ చెబుతుంది.

అలాంటి కనక కొండ దిగి విశాఖపట్నం చేరడానికి కారణం కూతురు సోని. ఆ గుంటకు నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. పనసపుట్టు నుంచి నర్సు చదువుకు పోయిన మొదటి పిల్ల. హాస్టల్లో చోటు దొరకలేదు. సరిగ్గా అప్పుడే, మధురవాడ కార్‌షెడ్ జంక్షన్‌కు కాస్త లోపల ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని ఉందని, ఉండటానికి మెట్ల కింద ఒక గది కూడా ఇస్తారని కబురు తెలిసింది. కనక రెండో ఆలోచన చేయలేదు. మొగుడు బుధును, కూతుర్ని, ఒక మూటెడు సామాన్లను కిరండూల్ ప్యాసింజరు ఎక్కించింది. ఉద్యోగం పేరుకు బుధుది. బుధు నెమ్మదైన మనిషి, మొక్కలకు నీళ్లు పోస్తాడు, మోటారు వేస్తాడు. గేటు మాత్రం కనకది.

పట్నంలో ఆమెకు మొదట మింగుడుపడనిది సిటీ బస్సు. రైలు దిగి బస్సెక్కి కూర్చున్నారో లేదో బండి కదిలింది. వెనక ఇంకా సీట్లున్నాయి. కనక లేచి నిలబడింది.

"ఆపు బాబూ! ఏటా తొందర? ఎనకాల సగం ఖాళీగున్నాది!"

"టైమైంది, పోవాలి," అన్నాడు కండక్టరు.

"నిండకండానా?"

"నిండినా నిండకపోయినా టైమైతే పోవాలమ్మా. ఇది జీపు కాదు."

"అందుకే ఇలగున్నాది," అని కనక కూర్చుంది. మర్నాడు అదే బస్సులో పొద్దున్న పూట సోని ఒంటి కాలి మీద వేలాడుతూ కాలేజీకి పోవడం చూసి మరీ ఆశ్చర్యపోయింది. మధ్యాహ్నం బస్సులు ఖాళీగా తిరుగుతాయి, పొద్దున్నేమో మనిషి మీద మనిషి. ఇదేం లెక్క!

ఇంతకన్నా ఘోరం గేటు దగ్గర ఉంది. తెల్లవారగానే కార్లు బారులు తీరి బయటికి వచ్చేవి. ఒక్కో కారులో ఒక్కో మనిషి. మా కొండల్లో అయితే ఊరు ఊరంతా పట్టే బండిలో ఒక్కడు కూర్చుని, పక్క సీట్లో సంచి పెట్టుకుని పోతాడు! వాళ్ల వెనకాలే మూడో అంతస్తు బిందుమాధవి, చేతిలో క్యారేజీ, భుజాన బ్యాగు, షేర్ ఆటో కోసం జంక్షన్ దాకా పరుగు. ఆమె ఆఫీసు రుషికొండ ఐటీ హిల్స్. రెండో అంతస్తు బాలాజీ ఆఫీసు కూడా అక్కడే. అతని కారులో నాలుగు సీట్లు ఖాళీ. వాళ్లిద్దరికీ పరిచయమే లేదు.

కొన్నాళ్లు కనక పళ్లు బిగపట్టి చూసింది. ఒక పొద్దున్న ఇక ఉండబట్టలేకపోయింది. బాలాజీ కారు గేటు దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టి గొంతెత్తింది.

"రుషికొండ, రుషికొండ, రుషికొండ! ఓ మూడో అంతస్తమ్మా, పరిగెత్తకు! సీటున్నాది!"

బాల్కనీల్లో జనం తొంగి చూశారు. బాలాజీ తెల్లబోయాడు. బిందుమాధవి సిగ్గుతో నిలబడిపోయింది.

"ఏటి బాబూ సూత్తావు, తలుపు తియ్యి. నీ ఆఫీసూ ఆయమ్మ ఆఫీసూ ఒక కొండే గదా. ఆయమ్మ కరవదులే."

బాలాజీకి నవ్వొచ్చింది. తలుపు తీశాడు. ఆ రోజుతో బిందుమాధవి ఆటో పరుగు ఆగింది. వారం తిరిగేసరికి గాజువాక పోయేవాళ్లు ముగ్గురు ఒక కారులో, జగదాంబ పోయేవాళ్లు ఇద్దరు ఒక కారులో పోవడం మొదలుపెట్టారు. కనక ఛాతీ ఉప్పొంగింది. అరకు సంతను మధురవాడ తెచ్చి నిలబెట్టానని ఫోను చేసి గంగరాజుతో గొప్ప చెప్పుకుంది.

అయితే ఆ బిల్డింగుకు ఒక ప్రెసిడెంటు ఉన్నాడు. పేరు కృష్ణమూర్తి. రిటైరైన ఆఫీసరు. భార్య పోయింది, పిల్లలు వేరే ఊళ్లలో. తెల్ల కారు ఒకటి ఉంది, దాన్ని అద్దంలా ఉంచుకుంటాడు, దాంట్లో ఒక్కడే తిరుగుతాడు. పొద్దున్నే పేపరు చదువుకునేవేళ రోజూ ఈ కేకలు. ఒకనాడు కిందికి దిగి వచ్చాడు.

"ఏమిటమ్మా ఇది? అపార్ట్‌మెంటా, ఆర్టీసీ కాంప్లెక్సా?"

"సీట్లు దండగైపోతన్నాయి బాబూ."

"ఎవరి కారులో ఎవరు ఎక్కాలో నువ్వెవరివి చెప్పడానికి? ఇంకోసారి నీ కేక నాకు వినపడిందంటే నెలాఖరుకు గది ఖాళీ చెయ్యాలి. తెలిసిందా?"

గది పోతే సోని చదువు పోతుంది. ఇంకా మొదటి సంవత్సరమే. పరీక్షలు ముంగిట్లో ఉన్నాయి. "ఇంక కేకెయ్యను బాబూ," అని కనక మాటిచ్చింది. ఇచ్చిన మాట మీద నిలబడింది కూడా.

ఇంతలో చైత్రం వచ్చింది. కొండల్లో ఇటుకల పండగ. ఆ పండక్కి మగవాళ్లు అడవికి వేటకు పోతారు, ఆడవాళ్లు దారి కాస్తారు. దారికి అడ్డంగా వెదురు కర్ర పట్టుకుంటారు. కారైనా లారీయైనా, పోలీసు బండయినా, ఏదో ఒకటి చేతిలో పెడితేగాని కర్ర లేవదు. ఎవరూ కోపం తెచ్చుకోరు, నవ్వుకుంటూ ఇచ్చి పోతారు. ఇంకొకటుంది. అడవి నుంచి ఖాళీ చేతుల్తో తిరిగొచ్చిన మగవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరిస్తారు. ఈ రోజుల్లో వేట ఎక్కడిది? అందరూ ఖాళీ చేతుల్తోనే వస్తారు, అందరికీ పేడనీళ్లే. పేడనీళ్లు పడని పండగ పండగే కాదు.

బుధు పండక్కి కొండెక్కాడు. సోనికి సెలవు లేదు. కనక ఒక్కతే గేటు దగ్గర మిగిలింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పండగనాడు దారి కాయని ఏడాది ఆమెకు లేదు. పొద్దున్నే లేచి తలంటుకుంది. మావిడాకులు కట్టిన వెదురు కర్ర ఒకటి తయారుచేసింది. వీధిలో తిరిగే ఆవు దయవల్ల బకెట్టులో పేడనీళ్లు కూడా కలుపుకుంది. కేక వెయ్యనని మాటిచ్చింది కాబట్టి నోరు కట్టుకుని గేటుకు అడ్డంగా కర్ర పట్టుకుని నిలబడింది.

బాలాజీ కారు ఆగింది. "ఏంటక్కా ఇది?"

"మా పండగ బాబూ. డబ్బులొద్దు. ఒక మనిషిని ఎక్కించుకుంటే కర్ర లెగుత్తాది."

అప్పటికే బిందుమాధవి పక్కన ఉంది. కర్ర లేచింది. వెనక కార్లవాళ్లు కూడా సరదా పడ్డారు. ఎవరికి ఎదురైనవాళ్లను వాళ్లు పిలిచి ఎక్కించుకున్నారు. సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. కనక ముఖం వెలిగిపోయింది. ఇదీ పండగంటే!

ఆ ఊపులో ఉండగా తెల్ల కారు వచ్చింది. కృష్ణమూర్తి హారన్ కొట్టాడు.

"కర్ర తియ్యి."

"ఒక్క మనిషి బాబూ, ఎవరైనా సరే..."

ఆయన కారు దిగాడు. కర్ర లాగి గోడవారన పడేశాడు. మళ్లీ ఎక్కి, ఖాళీ కారుతో గేటు దాటాడు. ఖాళీగా పోయేవాడికి ఏం జరగాలో కనక చేతులకు తెలుసు. చెంబు ముంచింది, నవ్వుతూ విసిరింది. పచ్చటి పేడనీళ్లు తెల్ల కారు వెనకద్దం నిండా, డిక్కీ నిండా పరుచుకున్నాయి.

కనక గలగలా నవ్వింది. ఆయన కూడా నవ్వుతాడని ఎదురుచూసింది. కారు ఆగింది. ఆయన దిగి వెనక్కి వచ్చి చూశాడు. వీధిలో ఎవ్వరూ నవ్వలేదు. చెంబు చేతిలో ఉండగానే కనకకు తాను ఎక్కడ నిలబడిందో తెలిసొచ్చింది.

"ఆదివారం మీటింగు," అన్నాడు కృష్ణమూర్తి. గొంతు పెంచలేదు, దానికే కనకకు మరీ భయం వేసింది. "సామాన్లు సర్దుకో."

సాయంత్రం సంగతి విని సోని ఏడ్చేసింది. "ఇది మన కొండా అమ్మా? ఆయన నీకు బావా, మరిదా? పేడనీళ్లు కొట్టడానికి!"

"కారు కడిగేసినానే. చింతపండెట్టి తోమినాను. ముందుకన్నా తెల్లగున్నాది."

"కారు తెల్లబడింది, మన బతుకు నల్లబడింది!"

మర్నాడు తల్లీకూతుళ్లు గాజువాక అవతల ఊరివాళ్లున్న చోట ఒక గది చూడ్డానికి బయల్దేరారు. కార్‌షెడ్ దగ్గర షేర్ ఆటో, మద్దిలపాలెంలో బస్సు, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఇంకో బస్సు, అక్కడినుంచి మళ్లీ ఆటో. ఆటోలో కనక ఒక అంచున కూర్చుని, పడిపోకుండా కమ్మీ పట్టుకుంది. ఎన్‌ఏడీ దగ్గర ట్రాఫిక్కులో బస్సు ముందుకు కదలదు, వెనక్కి పోదు. కిటికీలోంచి చూస్తే చుట్టూ కార్లు. ఎందులో చూసినా ఒక్క మనిషే. ఆ ఖాళీ సీట్లన్నీ కలిపితే తమ మండలం మొత్తాన్ని కూర్చోబెట్టొచ్చని కనకకు అనిపించింది. సోని నిలబడే పుస్తకం తెరిచి చదవబోయింది. కుదుపుకు పుస్తకం మూసుకుపోయింది. గది దొరికింది కాని, రోజూ ఇంత దూరం తిరిగితే గుంట చదివేదెప్పుడు, తినేదెప్పుడు? కనక ఆ గది వద్దంది. "ఉన్న గదినే నిలబెట్టుకుంటాను," అంది.

"ఎలాగ?"

"నోరుండగా ఎలాగేటి?"

ఆదివారం సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేసి మీటింగు పెట్టారు. బుధు కొండ నుంచి తిరిగొచ్చి ఒక స్తంభం వెనక నిలబడ్డాడు. కృష్ణమూర్తి జరిగింది చెప్పాడు. ఒకరిద్దరు "పాపం" అన్నారు, ఒకరిద్దరు "హద్దు మీరింది" అన్నారు. కనకను మాట్లాడమన్నారు. ఆమె చేతులు కట్టుకోలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"పేడనీళ్ల కాడ తప్పు నాదే. ఒప్పుకుంటాను. మా కొండలో పేడనీళ్లు పరాయోడి మీద కొట్టం బాబూ. బావకో మరిదికో, వరసైనోడికే కొడతాం. ఈ బాబు మనోడే గదా అనుకున్నాను."

బిందుమాధవి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. వెనక కుర్చీల్లో నవ్వు మొదలైంది. కృష్ణమూర్తి చెవులు ఎర్రబడ్డాయి.

"పేడకి తప్పయింది. కర్రకి మాత్రం తప్పు కాదు. అరకు జంక్షన్‌లో జీపు పిలిచిన మొదటి ఆడదాన్ని నాను. కోర్టుకెల్లే పగోళ్లని ఒక సీట్లో కూకోబెట్టినదాన్ని. నొప్పులొచ్చిన మనిషి కోసం నిండిన జీపుని మాటతో ఖాళీ సేయించినదాన్ని. అడగండి, గంగరాజుని అడగండి! ఈ గేటు కాడ మాత్రం ఖాళీ కార్లకి సలాం కొట్టమంటే నాకు సేతకాదు."

"గొప్పలు చాలు," అన్నాడు కృష్ణమూర్తి. "అంత గొప్పదానివైతే రేపు సోమవారం. కేక లేదు, కర్ర లేదు, పేడ లేదు. ఈ గేటులోంచి పోయే ప్రతి కారులో ఇద్దరైనా ఉండాలి. ఒక్క కారు ఒక్కడితో పోయినా సాయంత్రానికి గది ఖాళీ. ఒప్పుకుంటావా?"

సోని తల్లి చెయ్యి పట్టుకుంది, వద్దన్నట్టు. కనక ఆ చేతిని మెల్లగా విడిపించుకుంది.

"ఒప్పుకున్నాను. మీ కారు కూడానా బాబూ?"

"నా కారు కూడా. నేను రేపు భీమిలి పోతాను." ఆ బిల్డింగులో భీమిలి వైపు పోయేవాళ్లు ఎవరూ లేరని ఆయనకు తెలుసు. అందరికీ తెలుసు.

సోమవారం తెల్లవారకముందే కనక మెట్లెక్కింది. బండి లేనివాళ్ల తలుపులు ఒక్కొక్కటే తట్టింది. "మీ అన్నం సంచి ఇలాగిచ్చీండమ్మా. కింద పెడతాను. మీరు నిమ్మళంగా రండి." కొండల్లో ఒక పద్ధతి ఉంది. సంతకు దిగినవాళ్లు ముందుగా తమ బుట్ట తెచ్చి జీపు బానెట్ మీద పెట్టి పోతారు. ఆ తర్వాత ఉప్పు కొనుక్కున్నా, చుట్టాలతో మాట్లాడుకున్నా ఫరవాలేదు. బుట్ట ఎక్కితే మనిషి ఎక్కినట్టే. ఎంత పొగరున్న డ్రైవరైనా ఒకరి బుట్టను నేల మీద దించి బండి తియ్యడు.

కనక ఎవరి సంచి ఏ దారిన పోయే కారు మీద ఉండాలో ఆ కారు మీదే పెట్టింది. గాజువాక సంచి గాజువాక కారు మీద, జగదాంబ సంచి జగదాంబ కారు మీద. కార్లన్నీ బానెట్ల మీద క్యారేజీలతో పెళ్లివారి బళ్లలా నిలబడ్డాయి. తర్వాత నోరు మూసుకుని గేటు పక్కన కూర్చుంది. ఎదురుగా కృష్ణమూర్తి కుర్చీ వేయించుకుని కాపలా కూర్చున్నాడు.

కారువాళ్లు దిగారు. బానెట్ మీద సంచి చూశారు. అటూ ఇటూ చూశారు. సంచితో బండి నడపలేరు. ఎవరిదో తెలియని అన్నాన్ని నేల మీద పెట్టలేరు. ఆ తటపటాయింపులోనే సంచి మనిషి దిగి వచ్చేది. "నాదేనండీ. మీరు జగదాంబేనా?" "అవునండీ, రండి." అంతే. ఒకటి, ఇంకొకటి, మరొకటి, కార్లు నిండి గేటు దాటాయి.

నాలుగో అంతస్తు కుర్రాడొకడు మాత్రం తొందరలో ఉన్నాడు. సంచి తీసి ప్రహరీ గోడ మీద పెట్టి కారు తియ్యబోయాడు. కనక సగం లేచింది. కేక వెయ్యకూడదు. పెదవులు కొరుక్కుంది. అప్పుడు మొదటి అంతస్తు బాల్కనీలోంచి ఒక ముసలమ్మ ఉరిమింది.

"ఓరి గుంటడా! నా మనవడి అన్నం గోడ మీదెడతావేటి? కాకులకా!"

కుర్రాడు బెదిరిపోయి సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు, మనవడు వచ్చేదాకా కదల్లేదు. కృష్ణమూర్తి కనక వైపు చూశాడు.

"నాను కేకెయ్యనేదు బాబూ," అంది కనక.

అన్నీ పోయాయి. తెల్ల కారు ఒక్కటే మిగిలింది. కృష్ణమూర్తి కుర్చీలోంచి లేచి, తాళం చెవి వేలికి తిప్పుకుంటూ సెల్లారులోకి నడిచాడు. "ఇప్పుడు భీమిలి. చూద్దాం."

కారు దగ్గర ఆగిపోయాడు. బానెట్ మీద పాత వెదురు బుట్ట ఒకటి ఉంది, మీద తువాలు కప్పి.

"ఇదెవరిది?"

"నాదే," అంది వెనకే వచ్చిన కనక. "బుధూ! గేటు సూసుకో." తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చుంది, బుట్ట ఒళ్లో పెట్టుకుని.

"నీకు భీమిలిలో ఏం పని?"

"పనెందుకు బాబూ? సముద్రం సూత్తాను. పాసింజరుకి పని అడిగే డ్రైవర్ని నానెక్కడా సూడనేదు."

కృష్ణమూర్తి డ్రైవరు వైపు తలుపు తీశాడు. షరతు షరతే. "సరే, వెనక కూర్చో," అన్నాడు.

"ఎనక సీట్లు జనానికి."

"ఏ జనం?"

కనక తలుపు లాగి వేసుకుంది. కారు గేటు దాటుతుంటే మెట్ల దగ్గర నిలబడిన సోని రెండు చేతులూ పైకెత్తింది.

బీచ్ రోడ్డు ఎక్కాక సముద్రం పక్కనే పరిగెత్తింది. మంగమారిపేట దాటబోతుంటే రోడ్డు వారన కొందరు ఆడవాళ్లు ఖాళీ చేపల తట్టలతో బస్సు కోసం నిలబడి ఉన్నారు. కనక అద్దం దించింది.

"భీమిలి, భీమిలి, భీమిలి! బేగి రండి, సీటున్నాది!"

"కేకలు వద్దన్నాను కదా!"

"గేటు కాడ గదా వద్దన్నారు. ఆపండి బాబూ, పెద్దమనిషి ఎండలో నిలబడిపోనాది."

కారు ఎందుకు ఆపాడో కృష్ణమూర్తికే తెలియదు. కాలు బ్రేకు మీద పడింది. నూకరత్నం అనే పెద్దావిడ, ఆమె వెంట ఇంకో ఇద్దరు, తట్టలతో సహా ఎక్కేశారు.

"చేపల వాసన!" అన్నాడాయన.

"పేడ కన్నా నయమే గదా."

నూకరత్నం ముందుకు వంగింది. "ఏ ఊరు బాబూ మీది?"

"పాచిపెంట," అన్నాడు ముక్తసరిగా.

"అంటే సాలూరు పక్కా? మా పెద్దకోడలిది సాలూరే! ఆ కొండదారిలో బస్సులుండవు గదా, సదువుకి ఎలాగెల్లేవోరు?"

కారు ఒక మలుపు తిరిగింది.

"జీపు టాపు మీద," అన్నాడు కృష్ణమూర్తి. "బియ్యం బస్తాల మీద కూకునేవోడిని. వాన పడితే నేనూ మా అన్నా ఒక గోనెపట్టా కప్పుకునీవోళ్లం." ఆఫీసరు భాష జారిపోయి, పాచిపెంట భాష బయటికొచ్చింది. "ఒకపాలి టాపు మీదనుంచి నా సెప్పు జారి లోయలో పడిపోతే, డ్రైవరు బండాపి ఎతికిచ్చినాడు. జనమంతా దిగి ఎతికినారు."

"ఎతకరా మరి," అంది కనక. "పాసింజరు సెప్పు గదా."

నూకరత్నం పగలబడి నవ్వింది. వెనక ఇద్దరూ నవ్వారు. కృష్ణమూర్తి స్టీరింగు పట్టుకుని భుజాలు ఎగరేసుకుంటూ నవ్వాడు, కళ్లు తుడుచుకోవడానికి కారు పక్కకు ఆపుకోవాల్సి వచ్చింది. భీమిలి దాకా ఆ కారులో ఎవరి మాట ఎవరికీ వినపడనంత గోల.

మధ్యాహ్నం తెల్ల కారు తిరిగొచ్చింది. వచ్చేటప్పుడు కూడా నిండుగానే వచ్చింది. కనక దిగాక కృష్ణమూర్తి బుధును పిలిచి, పొద్దున్న బాల్కనీల్లో నిలబడి చూసినవాళ్లంతా వినేలా చెప్పాడు. "గది మీదే. మీ అమ్మాయి చదువయ్యేదాకా, ఆ తర్వాత కూడా. ఇక కార్లలో ఎవరెక్కాలో ఎక్కడ కూర్చోవాలో కనక చెప్పినట్టు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే నా దగ్గరికి రండి." ఎవ్వరూ రాలేదు. సోని కాలేజీ నుంచి వచ్చి సంగతి విని, సర్దిన సామాన్ల మూటలు విప్పి, పుస్తకాలు మళ్లీ గూట్లో పెట్టుకుంది.

మంగళవారం పొద్దున్న కార్లన్నీ నిండి వెళ్లిపోయాయి. అప్పుడు తెల్ల కారు మెల్లగా గేటు దగ్గరికి వచ్చి ఆగింది. అద్దం దిగింది.

"ఏటి కనకా? నా కారుకి ఎవరూ నేరా?"

కనక అటూ ఇటూ చూసింది. బిల్డింగులో బండి లేనివాళ్లంతా అప్పటికే వెళ్లిపోయారు. మెట్ల దగ్గర సోని ఒక్కతే బస్సుకు బయల్దేరి నిలబడి ఉంది. జీపు పిలిచేవాళ్ల సొంత మనుషులు అందరికన్నా ఆఖర్న ఎక్కాలని కొండల్లో ఒక కట్టుబాటు. అందుకే ఇన్నాళ్లూ కనక కూతుర్ని ఏ కారులోనూ ఎక్కించలేదు. ఇప్పుడు ముందు ఎక్కాల్సినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

"ఒక పాసింజరున్నాది బాబూ. టౌన్లోకి, నర్సింగు కాలేజీకి. మీ దారేనా?"

"ఎవరి దారైతే అదే నా దారి. ఎక్కమను."

కనక కూతురి సంచి అందుకుని బానెట్ మీద పెట్టింది. ఒక్క క్షణం అలా ఉంచి, తానే తీసి సోని ఒళ్లో పెట్టింది. తర్వాత గేటు బార్లా తెరిచి, వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా వినపడేలా గొంతెత్తింది.

"టౌను, టౌను, టౌను! పనసపుట్టు నర్సమ్మ ఎల్తన్నాది! ఎనక ఇంకా సీట్లున్నాయి!"